చర్చంతా అబ్బాయి గురించి, సాక్ష్యమంతా గోడ మీద: ఒక పోలీసు కాల్పుల కేసు

ఇది నేను వకాలత్ వేసిన కేసు. ఊరు, సంవత్సరం, స్టేషన్, కుటుంబం వివరాలు రాయడం లేదు. ఎవరైనా గుర్తుపట్టే వీలున్న చిన్న చిన్న సంగతులు కొన్ని మార్చాను. అబ్బాయి తల్లిని అడిగే రాస్తున్నాను. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి రాకముందు జరిగిన ఘటన కాబట్టి పాత సెక్షన్లే వాడతాను, అవసరమైన చోట కొత్త నంబర్లు చెబుతాను (నేరాల చట్టం ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, విచారణ విధానం చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చాయి). జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్లకు ఇలాంటి కేసు ఎప్పుడో ఒకరోజు ఫోన్ కాల్‌గానే వస్తుంది. ఆ రోజు వాళ్లు నేను చేసిన తప్పు చేయకూడదనే ఇదంతా.

నేపథ్యం

అబ్బాయి పదో తరగతి పాసై ఇంటర్ మధ్యలో మానేశాడు. మెకానిక్ షెడ్డులో పని. అతని మీద రెండు కేసులున్నాయి: ఒకటి బైక్ దొంగతనం, ఒకటి సెల్‌ఫోన్ దొంగతనం. రెండూ ఐపీసీ సెక్షన్ 379 కిందివి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఈ మూడేళ్లు అన్న సంగతి గుర్తు పెట్టుకోండి, కేసు చివరికి దాని చుట్టూనే తిరిగింది.

పోలీసులు చెప్పింది ఇది. రాత్రి పదిన్నర ప్రాంతంలో ఊరి బయట మూతపడిన రైస్ మిల్లులో అతను ఉన్నాడని సమాచారం వచ్చింది. క్రైమ్ పార్టీ, అంటే నేరగాళ్లను పట్టుకునే పోలీసు బృందం, వెళ్లి చుట్టుముట్టింది. అతను కత్తితో ఒక కానిస్టేబుల్ మీద దాడి చేశాడు. ఎస్సై హెచ్చరించినా ఆగలేదు. ఆత్మరక్షణ కోసం రెండు రౌండ్లు కాల్చారు, ఒకటి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్తుండగా చనిపోయాడు.

బస్తీవాళ్లు చెప్పింది వేరు. సాయంత్రం ఆరున్నరకే పెట్రోల్ బంక్ దగ్గర తెల్ల బండిలో ఎక్కించుకుపోయారని, తర్వాత చేతులు కట్టేసి దగ్గర నుంచి కాల్చేశారని.

తెల్లారేసరికి ఊరు రెండుగా చీలిపోయింది. కొందరు వాట్సాప్ స్టేటస్‌లో పోలీసులకు దండం పెట్టారు. కొందరు టైర్లు తగలబెట్టారు. ఇది మనకు కొత్త కాదు. పోలీసు కాల్పుల మరణాల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ పంపిన మార్గదర్శకాలకు మూలం ఆంధ్రప్రదేశ్ నుంచి పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదే. 2008 డిసెంబర్‌లో వరంగల్ దగ్గర యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు చనిపోయినప్పుడు సంబరాలు చేసుకున్నాం. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లాం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని అది చెప్పింది. పూలు చల్లినంతమంది దాన్ని చదివి ఉండరు.

ఎందుకు చల్లారో నాకు అర్థంకాక కాదు. చెల్లెళ్లు, కూతుళ్లు ఉన్న ఇళ్లలో ఆ కోపం ఎంత నిజమో నేనూ చూశాను. కోర్టులో వాయిదాలు ఎలా సాగుతాయో రోజూ చూసేదాన్ని, జనానికి ఓపిక లేదని అనే అర్హత నాకు లేదు. కానీ మన ముందున్న ఈ కేసు బైక్ దొంగతనానిది. అయినా అవే మాటలు, అదే వేడి. ‘ఎన్‌కౌంటర్’ అన్న ఒక్క మాట వినగానే మనం ఏ కేసు గురించి మాట్లాడుతున్నామో మరిచిపోతున్నాం.

మొదటి రోజు

తల్లి, మేనమామ, బస్తీ పెద్ద ఒకాయన పదకొండు గంటలకు నా దగ్గరికొచ్చారు. కొడుకు పోయిన సంగతి వాళ్లకు పోలీసులు చెప్పలేదు. టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకున్నారు. అప్పటికే శవంతో మెయిన్ రోడ్డు మీద కూర్చోవాలని కుర్రాళ్లు సిద్ధమవుతున్నారు.

తల్లి ఒక్కటే అడిగింది. “మేడం, నా కొడుకు అట్లాంటోడు కాదని టీవీల చెప్పుర్రి.”

నేను సరేనన్నాను. అక్కడే తప్పటడుగు పడింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ పూట మేం ఎంచుకోవాల్సింది రోడ్డా, మార్చురీయా. నేను మార్చురీ అన్నాను. రోడ్డు మీద కూర్చుంటే ఆ రోజు ఒత్తిడి పెరుగుతుంది, నిజమే. కానీ పోస్టుమార్టం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. ఒక్కసారి జరిగిపోతే మళ్లీ దాన్ని వెనక్కి తేలేం. పైగా గొడవ అవుతుందన్న పేరుతో హడావుడిగా ముగించి శవాన్ని అప్పగించేస్తారు. మేనమామకు నా మాట నచ్చలేదు. “మీరు కాగితాలు రాసుకుంటా కూసుంటే వాళ్లు శవాన్ని కాల్చిపెడతరు” అన్నాడు. ఆయన భయం అర్థమైంది కాబట్టే ఇంకో మాట ముందే ఖాయం చేసుకున్నాను: దహనం చేయొద్దు, పూడ్చాలి. వాళ్ల ఆచారం కూడా అదే కావడం కలిసొచ్చింది. పూడ్చిన శవానికి కోర్టు ఆదేశంతో మళ్లీ పరీక్ష చేయించవచ్చు. చటాన్‌పల్లి కేసులో హైకోర్టు ఆదేశంతో ఎయిమ్స్ వైద్యులు రెండోసారి పోస్టుమార్టం చేయగలిగారంటే శవాలను భద్రపరచబట్టే.

ఆసుపత్రి సూపరింటెండెంటుకు, ఆర్డీవోకు చెరో లేఖ ఇచ్చాను. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పదహారు మార్గదర్శకాలను ఎత్తి రాశాను. 1995 నుంచి 1997 వరకు ముంబయిలో జరిగిన 99 ఎన్‌కౌంటర్ల మీద వేసిన కేసు అది. అందులో స్పష్టంగా ఉంది: జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, వీడియో తీయాలి, దాన్ని భద్రపరచాలి. సూపరింటెండెంటు గారు లేఖ రెండుసార్లు చదివి, ఫోన్ చేసి, శవాన్ని ఏరియా ఆసుపత్రి నుంచి జిల్లా ఆసుపత్రికి మార్పించారు. కెమెరామన్ కోసం గంట ఆగాల్సి వచ్చింది, ఆగాం. ఇప్పటికీ ఆయనకు నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

సాయంత్రం నాలుగున్నరకు మార్చురీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. లోపలి నుంచి అటెండర్ ఒక నల్ల పాలిథిన్ కవర్ తెచ్చి కానిస్టేబుల్‌కి ఇచ్చాడు. కిరాణా కొట్లో ఇచ్చే కవర్ లాంటిదే. మూతి ముడివేసి ఉంది. అందులో అబ్బాయి చొక్కా, ప్యాంటు. కవర్ లోపలి వైపు తడి కనిపిస్తోంది. కానిస్టేబుల్ దాన్ని మోటార్ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లాడు.

నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నెత్తురుతో తడిసిన బట్టను గాలికి ఆరబెట్టి కాగితం కవర్‌లో పెట్టాలని నాకు తెలుసు. చాలా కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగిన ప్రశ్న కూడా. కానీ ఆ నిమిషంలో పక్కన మైకులు ఉన్నాయి, రాత్రి ఎనిమిదింటికి స్టూడియోకి రమ్మని ఫోన్లు వస్తున్నాయి. నా మనసు అటు పోయింది.

రెండు వారాలు ఎటు పోయాయి

ఆ రాత్రి చర్చకు వెళ్లాను. నాకు ఎదురుగా రిటైరైన పోలీసు అధికారి ఒకరు, ఒక పార్టీ నాయకుడు. యాంకర్ మొదటి ప్రశ్న: “మేడం గారూ, అతను దొంగా కాదా?” నేను అమ్మకు ఇచ్చిన మాట ప్రకారం చెప్పుకుంటూ వచ్చాను. పదిలో మంచి మార్కులు, షెడ్డులో పని, ఇంటికి ఆసరా. అవన్నీ నిజాలే.

మర్నాడు పొద్దున పాత ఎఫ్‌ఐఆర్‌లు రెండూ టీవీలో కనిపించాయి. దాంతోపాటు అతను స్నేహితులతో కలిసి పుట్టినరోజుకి తల్వార్‌తో కేక్ కోస్తున్న ఫోటో. ఇక ఆ ఫోటో చుట్టూనే మూడు రోజులు. మేం దానికి జవాబుగా స్కూల్ హెచ్‌ఎంతో మాట్లాడించాం. వాళ్లు బైక్ పోగొట్టుకున్నాయనతో మాట్లాడించారు. మేం కొవ్వొత్తుల ర్యాలీ తీస్తే, వాళ్లు ఎస్సై గారికి పాలాభిషేకం చేశారు. ఆయనకు సన్మానం కూడా జరిగింది. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, సాహస పురస్కారాలు ఇవ్వకూడదని అదే 2014 తీర్పు చెబుతోంది. ఇచ్చింది శాలువా కాబట్టి అది ఆ లెక్కలోకి రాదన్నారు.

మంచివాడని మేం వాదించినంత కాలం, చెడ్డవాడైతే కాల్చవచ్చన్న లెక్కను మేమే ఒప్పుకున్నట్టయింది. ఇది నాకు తట్టడానికి పదిహేను రోజులు పట్టింది. మార్కుల మెమో పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరుగుతున్నప్పుడు, అది ఎందుకు చూపించాల్సి వస్తోందని ఒక్కసారైనా ఆగి అడగలేదు.

ఈలోగా పోయినవి చెబుతాను. పెట్రోల్ బంక్ సీసీ కెమెరా కోసం నేను వెళ్లింది పంతొమ్మిదో రోజున. మేనేజర్ మంచి మనిషి, సిస్టం తెరిచి చూపించాడు. పదిహేను రోజులకోసారి పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. సాయంత్రం ఆరున్నరకు తెల్ల బండి వచ్చిందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. ఇది చిన్న నష్టం కాదు. ముందే అదుపులోకి తీసుకున్నారని తేలితే అది కస్టడీ మరణం అయ్యేది. అప్పుడు సీఆర్‌పీసీ సెక్షన్ 176(1ఏ) కింద, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 196 కింద, జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ చేయాల్సి వచ్చేది. తేలలేదు కాబట్టి ఆర్డీవో విచారణ జరిగింది.

చొక్కా ఎఫ్‌ఎస్‌ఎల్‌కి, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి, వెళ్లేసరికి నెల దాటింది. రిపోర్టులో రెండే లైన్లు: బట్టకు బూజు పట్టి కుళ్లిపోవడం వల్ల కాల్పుల అవశేషాల గురించి అభిప్రాయం చెప్పలేం. దగ్గర నుంచి కాలిస్తే తూటాతో పాటు మసి, కాలీ కాలని మందు రవ్వలు వస్తాయి. చర్మం మీద బట్ట ఉంటే అవి ముందు బట్ట మీదే పడతాయి. కట్టేసి దగ్గర నుంచి కాల్చారన్న బస్తీ మాట నిజమో, కత్తితో మీదికొస్తే చేతికందే దూరంలో కాల్చామన్న పోలీసుల మాట నిజమో, రెండూ కాదో చెప్పగలిగింది ఆ చొక్కా ఒక్కటే అని అప్పుడు అనుకున్నాను.

ఎఫ్‌ఐఆర్ సంగతి కూడా అంతే. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టారు, చనిపోయిన అబ్బాయి మీద, సెక్షన్ 307 కింద, హత్యాయత్నమని. తల్లి ఇచ్చిన ఫిర్యాదును అందులోనే కలిపేశామన్నారు. చనిపోయినవాడి మీద పెట్టిన కేసు నిందితుడు లేడన్న కారణంతో దానంతట అదే మూతపడుతుంది. దాంతోపాటే కాల్చినవారి సంగతీ మూతపడుతుంది. ఈ సంగతి నేను రెండో రోజే గట్టిగా పట్టుకోవాల్సింది.

ప్రశ్న మార్చుకున్నాం

పదహారో రోజున బైక్ పోగొట్టుకున్నాయన నా ఆఫీసుకు వచ్చాడు. తిట్టడానికి వచ్చాడని జూనియర్ కంగారు పడింది. కూర్చోబెట్టి టీ తెప్పించాను. బట్టల కొట్లో పని చేస్తాడు. “ఆ బండికి ఇంకా ఈఎంఐ కడుతున్నా మేడం. ఐదు నెలలు స్టేషన్ చుట్టూ తిరిగా, ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా ఇవ్వలేదు. వాడు చచ్చినందుకు నాకు సంతోషం లేదు. కానీ పోలీసులది తప్పని మాత్రం నాతో అనిపించకండి” అన్నాడు.

నేను అనిపించలేదు. ఆయన వెళ్లాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అబ్బాయి ఆయన బండి దొంగిలించాడనే అనుకుందాం. అయితే ఏమిటి? ఆ రోజు ఒక తెల్ల కాగితం తీసుకుని పోలీసుల కథనంలో మాకు అన్నింటికంటే ఇబ్బందిగా ఉన్నవన్నీ నిజమని ఒప్పుకుంటూ రాశాను. అతను దొంగ. మిల్లులో దాక్కున్నాడు. అతని దగ్గర కత్తి ఉంది. కానిస్టేబుల్ ముంజేతి మీద గీత పడింది, గాయం మీద డాక్టర్ ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్ నిజమే. ఇన్ని ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలింది: తూటా వదిలిన ఆ క్షణంలో ఎవరి ప్రాణానికి అపాయం ఉంది?

చట్టం అడిగేది కూడా ఇదే. ఆత్మరక్షణ హక్కు అపాయం ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడు మొదలై, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. పాత ఐపీసీ 102, ఇప్పుడు బీఎన్‌ఎస్ 40. పోలీసుకూ ఇదే హక్కు, నాకూ ఇదే హక్కు. ఇక పారిపోయేవాడిని పట్టుకోవడం వేరే సంగతి. సీఆర్‌పీసీ 46, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 43, అరెస్టుకు అవసరమైన బలం వాడవచ్చు అంటుంది. కానీ మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరం ఆరోపణ లేని మనిషిని చంపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని అదే సెక్షన్‌లో, పాతదాంట్లో మూడో ఉపసెక్షన్‌గా, కొత్తదాంట్లో నాలుగో ఉపసెక్షన్‌గా రాసి ఉంది. అబ్బాయి మీద ఉన్నది మూడేళ్ల కేసులు.

అప్పుడు కేసు మొత్తం ఒక్క విషయానికి కుదించుకుపోయింది. తగిలినప్పుడు అతను కానిస్టేబుల్ మీదికి వస్తున్నాడా, పారిపోతున్నాడా?

బస్తీలో మీటింగ్ పెట్టి ఇది చెప్పినప్పుడు కుర్రాళ్లకు కోపం వచ్చింది. కత్తి ఉందని ఒప్పుకుంటారా అని. ఒప్పుకోవడం లేదు, ఉన్నా సరే అంటున్నానని వివరించడానికి గంట పట్టింది. కట్టేసి కాల్చారన్న మాట పిటిషన్‌లో రాయనని కూడా చెప్పాను. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. లేని సాక్ష్యం మీద నిలబెట్టిన ఆరోపణ విచారణలో పడిపోతే, ఉన్న సాక్ష్యాన్ని కూడా లాక్కుపోతుంది. ఆ రోజు తర్వాత ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. మేనమామ మాత్రం అప్పటినుంచి ప్రతి వాయిదాకూ వచ్చాడు.

యాభై రెండు నిమిషాల వీడియో

సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి, ఏడో వారంలో పోస్టుమార్టం రిపోర్టు, వీడియో సంపాదించాం. తూటా నడుముకు ఎడమవైపు వెనక నుంచి దిగి పైకి ప్రయాణించి, కుడి ఛాతీ పైభాగం నుంచి బయటికొచ్చింది. వీపు వైపు తగిలింది కాబట్టి బూటకమే అని మావాళ్లు అప్పటికే టీవీల్లో అంటున్నారు. నేను ఆ మాట వాడలేదు. మనిషి అర సెకనులో పక్కకు తిరగగలడు. ఎదురుగా ఉన్నవాడికి గురిపెట్టినా ట్రిగ్గర్ నొక్కేలోగా వీపు తగలవచ్చు. వీపు మీద గాయం అనుమానానికి తావిస్తుంది, తీర్పు ఇవ్వదు.

రిపోర్టులో మొదటి రెండు గాయాలు తూటా దిగినది, బయటికొచ్చినది. మూడు నుంచి ఆరు దాకా చిన్న గాయాలు: రెండు అరచేతుల్లో కోతలు, ఎడమ ముంజేతి లోపలి వైపు గీరుకుపోవడం, కుడి మోకాలి మీద చర్మం లేచిపోవడం. అన్నీ చావుకు ముందువే. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు దాటేశాను.

వీడియో మూడోసారి చూస్తున్నప్పుడు, ముప్పై ఒకటో నిమిషంలో, చిన్న డాక్టర్ ఎడమ అరచేతిని తిప్పి స్కేలు పెట్టి కొలుస్తున్నారు. ఫోర్సెప్స్‌తో గాయంలోంచి ఏదో లాగారు. లైటుకు ఎత్తి చూశారు. గోరంత ఉంటుంది. ఆకుపచ్చగా మెరిసింది. ట్రేలో పెట్టారు. పెద్ద డాక్టర్ తూటా దారి గురించి ఏదో అడగడంతో ఆవిడ అటు తిరిగారు. ఆ ముక్క ప్రస్తావన రిపోర్టులో లేదు.

మర్నాడు రైస్ మిల్లుకు వెళ్లాం. వెనక ప్రహరీ ఏడడుగులు ఉంటుంది. పైన సిమెంటులో వరసగా సీసా పెంకులు గుచ్చి ఉన్నాయి. సగానికి పైగా ఆకుపచ్చ బీరు సీసాలవి. ఒకచోట రెండు పెంకులు విరిగి ఉన్నాయి, విరిగిన చోటు కొత్తగా ఉంది. నేను ముట్టుకోలేదు, జూనియర్‌ని ముట్టుకోనివ్వలేదు. తేదీ వచ్చేలా ఫోటోలు తీసి వచ్చేశాం. మేం తవ్వితే అది మేం సృష్టించిన సాక్ష్యం అవుతుంది. కోర్టు ద్వారా ఎవరైనా వచ్చి తీస్తేనే దానికి విలువ.

నేరస్థల పంచనామా స్కెచ్ తీసి పక్కన పెట్టుకున్నాను. పేలిన తూటాల ఖాళీ తొడుగులు రెండూ, కత్తి మిల్లు షెడ్డు గుమ్మం దగ్గర దొరికినట్టు చూపించారు. నెత్తురు మరక ప్రహరీ మొదట్లో చూపించారు. రెంటి మధ్య దూరం నలభై అడుగులు అని వాళ్లే రాశారు. షెడ్డు దగ్గర తగిలి, నలభై అడుగులు పరుగెత్తి గోడెక్కాడా? తూటా గుండె పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చీల్చింది. వేరే జిల్లాలోని ఫోరెన్సిక్ ప్రొఫెసర్ దగ్గరికి కాగితాలు తీసుకెళ్లాను. ఆ గాయంతో కొన్ని అడుగులు వేయడం అసాధ్యమని చెప్పలేనని, నలభై అడుగులు వెళ్లి రెండు చేతులతో ఏడడుగుల గోడ పట్టుకుని పైకి లేవడం మాత్రం నమ్మశక్యం కాదని ఆయన రాసిచ్చారు. తూటా కింది నుంచి పైకి ఎందుకు వెళ్లిందో కూడా ఆయనే విప్పి చెప్పారు. గోడ మీద వంగిన మనిషికి నడుము దగ్గర అడ్డంగా తగిలిన తూటా, ఒంటి లెక్కలో చూస్తే, కింది నుంచి పైకి వెళ్లినట్టే ఉంటుంది. వంగి పరుగెత్తేవాడికీ అలాగే ఉంటుందని తోడు చేర్చారు. ఆ రెండో వాక్యం తీసేయమని నేను అడగలేదు. దాన్ని అలాగే ఫైల్ చేశాను. అరచేతుల్లో కోతలు, గాజు ముక్క, స్కెచ్ కలిసినప్పుడు ఆ రెండో అవకాశానికి చోటు ఎంత మిగులుతుందో జడ్జి గారు చూసుకోగలరు.

సెషన్స్ జడ్జి ముందు

ఆర్డీవో విచారణ నాలుగు నెలల్లో ముగిసింది. ఆత్మరక్షణ కోసమే కాల్పులు అని తేల్చారు. తల్లి వాంగ్మూలం మూడు లైన్లు. చిన్న డాక్టర్‌ని పిలవలేదు.

అప్పుడు రెండు దారులు కనిపించాయి. హైకోర్టులో రిట్, లేదా 2014 తీర్పులోని పదహారో మార్గదర్శకం. విధానం పాటించలేదని, దర్యాప్తు స్వతంత్రంగా లేదని కుటుంబం అనుకుంటే ఘటన జరిగిన ప్రాంతం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు, ఆయన దాని మంచిచెడులు పరిశీలించి పరిష్కరించాలి అని అందులో ఉంది. మన జిల్లాల్లో ఈ దారి పట్టిన ఫైళ్లు నేను చాలా తక్కువ చూశాను. సీనియర్లు రిట్ వేయమన్నారు. నేను సెషన్స్ కోర్టుకే వెళ్లాను. కారణం ఒకటే: మా సాక్ష్యం గోడ మీద ఉంది, మార్చురీ ట్రేలో ఉంది, స్వాధీనం చేసుకున్న వస్తువులుంచే స్టేషన్ మాల్‌ఖానాలో ఉంది. వాటిని త్వరగా చేతికి తీసుకోగలిగేది జిల్లాలో ఉన్న కోర్టు.

పిటిషన్ పదకొండు పేజీలు. అబ్బాయి గుణగణాల గురించి ఒక్క వాక్యం లేదు. వయసు మాత్రం రాశాం. శవ పంచనామాలో ‘సుమారు 22 ఏళ్లు’ అని వేశారు. ఎస్సెస్సీ మెమో ప్రకారం చనిపోయిన రోజుకు 17 సంవత్సరాల 5 నెలలు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 స్కూల్ సర్టిఫికెట్‌కే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. అతని కోసం వెళ్లాల్సింది క్రైమ్ పార్టీ కాదు, బాలల సంక్షేమ పోలీసు అధికారి. టీవీలన్నీ చూపించిన ఆ ఫోటో చూపించడమే సెక్షన్ 74 ప్రకారం నేరం. మొదటి రోజు మార్కులు చూపించడానికి పట్టుకెళ్లిన అదే మెమోలో పుట్టిన తేదీ కూడా ఉంది. నేను దాన్ని చూడాల్సినంతగా చూడలేదు.

కోరింది కూడా తక్కువే. తల్లి ఫిర్యాదు మీద విడిగా ఎఫ్‌ఐఆర్, దర్యాప్తు సీఐడీకి, గోడ మీద పెంకుల స్వాధీనం, ట్రేలోని ముక్క ఏమైందో ఆసుపత్రి నుంచి జవాబు, ఎస్సై పిస్టల్ బాలిస్టిక్ పరీక్షకు, ఆ రాత్రి వైర్‌లెస్ లాగ్ భద్రం. ఎవరినీ హంతకులని అనలేదు. పోలీసుల తరఫు న్యాయవాది వాదన అబ్బాయి పాత కేసులతో మొదలైంది. జడ్జి గారు కాసేపు విని, “అది పిటిషన్‌లో వివాదం కాదు కదా” అన్నారు. రెండు వారాల టీవీ చర్చ అక్కడ ఒక్క వాక్యంలో ఆగిపోయింది.

ఆదేశాలు వచ్చాయి. పెంకుల్లో ఒకదాని మీద మనిషి రక్తం దొరికింది, డీఎన్‌ఏ అబ్బాయిదే. ట్రేలోని ముక్క దొరకలేదు. కానీ చిన్న డాక్టర్ సీఐడీ ముందు తాను గాజు తీసిన మాట నిజమేనని చెప్పారు. అప్పట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. వాంగ్మూలం ఇచ్చి బయటికొచ్చి నాతో, “రిపోర్టులో రాయకపోవడం నా పొరపాటే మేడం, ఎవరూ రాయొద్దనలేదు” అంది. ఆ మాట ఆమె చెప్పకపోయినా నడిచేది. చెప్పింది. దాంతో ఇందులో ఆసుపత్రి కుట్ర కూడా ఉందన్న బస్తీ అనుమానం తీరిపోయింది.

సీఐడీ సెక్షన్ 304 రెండో భాగం కింద ఎస్సై మీద చార్జిషీటు వేసింది. హత్య అని కాదు, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పని అని. బస్తీలో చాలామందికి ఇది చాలలేదు. సన్మానం చేసినవాళ్లకు ఇది అన్యాయంగా కనిపించింది. సాక్ష్యం మోసేంత బరువు అదే అని నా అభిప్రాయం. చీకట్లో, ఒక సహచరుడి చేయి తెగి నెత్తురు కారుతుండగా, ఆ ఎస్సై ఎంత టెన్షన్‌లో ఉన్నాడో నేను ఊహించగలను. శిక్ష సమయంలో అది లెక్కలోకి రావాలి కూడా. గోడెక్కుతున్న పిల్లాడి నడుముకు గురిపెట్టడం సరైనదే అనిపించడానికి మాత్రం అది చాలదు.

జూనియర్లు అడిగితే చెప్పేవి

మొదటి ఇరవై నాలుగు గంటల్లో నేను ఇప్పుడు టీవీకి వెళ్లను. కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడాల్సి వస్తే ఒక్క వాక్యం రాసిస్తాను: అతను ఎవరన్నది కాదు, ఆ క్షణంలో ఏం జరిగిందన్నది తేల్చండి. “అదే మీ ఇంట్లో జరిగితే” అని యాంకర్ అడిగితే జవాబు చెప్పే పని పెట్టుకోవద్దు. అది సాక్ష్యం లేని ప్రశ్న, దానికి ఏ జవాబు ఇచ్చినా చర్చ మళ్లీ మనిషి మీదికే పోతుంది.

లేఖల నమూనాలు ముందే తయారుచేసి పెట్టుకున్నాను. ఆసుపత్రికి ఇచ్చే లేఖలో ఇద్దరు డాక్టర్లు, వీడియోతో పాటు ఇప్పుడు ఇంకో రెండు లైన్లు ఉంటాయి: బట్టలు నీడన ఆరబెట్టి విడివిడిగా కాగితం కవర్లలో సీలు వేయాలి, శరీరంలోంచి తీసిన ప్రతి వస్తువునూ, ఎంత చిన్నదైనా, జాబితాలో రాయాలి. చుట్టుపక్కల సీసీ కెమెరాలున్న ప్రతి కొట్టుకూ అదే రోజు లేఖ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుంటాం. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఘటన జరిగిన రోజు నుంచి ఏడాదే గడువు, దాన్ని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి.

చిన్న గాయాలు చదవండి. అందరి కళ్లూ తూటా గాయం మీదే ఉంటాయి కాబట్టి మిగతావాటిని ఎవరూ మార్చరు, ఎవరూ దాచరు.

ఇక అన్నిటికంటే కష్టమైనది మనవాళ్ల మాటను కూడా మనమే పరీక్షించడం. కట్టేసి కాల్చారన్నది నేను పిటిషన్‌లో రాసి ఉంటే, గోడ మీద నెత్తురు మా కేసునే కొట్టేసేది. సాయంత్రం ఆరున్నరకు తెల్ల బండి వచ్చిందా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. తేలలేదనే ఫైల్‌లో ఉంది.

కేసు విచారణ దశలో ఉంది. పోయిన వాయిదాకు తల్లి వచ్చినప్పుడు చొక్కా ఎప్పుడు ఇస్తారని అడిగింది. దసరాకు కొన్నదట, నాలుగుసార్లు కూడా తొడుక్కోలేదట. కేసు అయ్యేదాకా కోర్టు ఆస్తి అని, అది బూజు పట్టిపోయిందని చెప్పాను. ఎందుకు పట్టిందని అడిగింది. మార్చురీ తలుపు దగ్గర నేను చూసింది చూసినట్టు ఆమెకు చెప్పాను. మా వాయిదా పన్నెండింటికి వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం వరండాలో బెంచీ మీదే కూర్చున్నాం.